మామగారు మునుపు ఎలాంటివారో రాసి ఇవ్వమన్నారా?

మేడమ్, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రాకముందు మీ మామగారి స్వభావం రాసి తెమ్మని డాక్టరు అన్నారు, అత్తగారు శాంతమూర్తి అంటున్నారు, మీవారు ఎప్పుడూ కోపిష్టే అంటున్నారు, ఎవరి మాట రాయాలని మీరు అడిగారు. ఇద్దరిదీ రాయండి, కానీ విడివిడిగా. కలిసి కూర్చుంటే గొంతు పెద్దదైనవారి మాటే నెగ్గుతుంది.

ముందు కాలం ఖాయం చేసుకోండి. మతిమరుపు బయటపడక ముందే మార్పులు మొదలై ఉండొచ్చు, కాబట్టి దానికి కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆయన స్టీల్ ప్లాంటులో చేసిన రోజులు తీసుకోండి. 'మంచివారు' అని రాస్తే డాక్టరుకేం తెలుస్తుంది? జరిగినవి రాయండి. షిఫ్టు బస్సుకు ఎంత ముందు బయల్దేరేవారు? చుట్టాలొస్తే కబుర్లలో పడేవారా, గదిలోకి వెళ్లిపోయేవారా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు లేని ఆ రోజుల్లో కంగారు పడ్డారా, బకెట్లు పట్టుకుని నీళ్లకు వెళ్లారా? (మన వైజాగ్‌లో ఆ రోజులు మర్చిపోయినవాళ్లు తక్కువే.) సైకాలజిస్టులు చూసే ఐదు లక్షణాలు, అంటే ఆందోళన, కలుపుగోలుతనం, కొత్తవాటిపై ఆసక్తి, సర్దుకుపోయే గుణం, పద్ధతిగా ఉండడం, అన్నీ ఇలాంటి సంఘటనల్లోనే దొరుకుతాయి.

ఇప్పుడు రాత్రుళ్లు నిద్రలేక చూసుకుంటున్నవారికి పాతరోజులు కూడా చేదుగానే గుర్తుకు రావచ్చు. అందుకే ఆయనతో పనిచేసిన స్నేహితుణ్ణి ఒకరిని కూడా అడగండి.

ఇంకోటి, మతిమరుపు కంటే ముందే ఆయన తీరు మారి ఉంటే, ఎప్పటి నుంచో తప్పకుండా చెప్పండి. ఫ్రాంటోటెంపోరల్ రకం డిమెన్షియాలో (మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే రకం) చాలామందికి మొదట మారేది ప్రవర్తనే.