శ్రీకాకుళం డాబా మీద నుంచి నెబ్యులా ఫొటోలు: గైడింగ్ చాలా?

ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే స్టాండు) మీద డీఎస్ఎల్ఆర్ కెమెరా పెట్టి, నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) ఫొటోకు రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే చుక్కలు గీతల్లా సాగుతున్నాయి, ఆటోగైడింగ్ (ఇంకో కెమెరా నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ను సరిదిద్దే పద్ధతి) పెడితే సరిపోతుందా అని అడిగారు.

చాలదు. ముందు పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ ఇరుసు ధ్రువనక్షత్రం దగ్గరున్న ఖగోళ ధ్రువానికి గురిపెట్టి ఉందో లేదో సరిచూసుకోండి. శ్రీకాకుళంలో ధ్రువనక్షత్రం సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. కొబ్బరిచెట్టో, పక్కింటి వాటర్ ట్యాంకో అడ్డొస్తే ఇక కనిపించదు. కాబట్టి ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న డాబా చూసుకోండి.

ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మౌంట్ దాని వెంట తిరిగినా, గేర్లలోని చిన్న లోపాల వల్ల అటూ ఇటూ కదులుతుంది. గైడ్ కెమెరా రెండు మూడు సెకన్లకోసారి నక్షత్రాన్ని చూస్తుంది. అది పక్కకు జరిగితే పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మౌంట్‌కు సవరణ పంపుతుంది. క్యాలిబ్రేషన్‌ను (సవరణకు మౌంట్ ఎటు, ఎంత కదులుతుందో సాఫ్ట్‌వేర్ కొలుచుకోవడాన్ని) దక్షిణాన, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దగ్గరున్న నక్షత్రంతో చేయండి. ధ్రువనక్షత్రం దగ్గర చేస్తే లెక్క తప్పుతుంది.

శీతాకాలం రాత్రి మంచుకు లెన్స్ చెమర్చిందంటే ఆ రాత్రి శ్రమంతా వృథా. లెన్స్‌ను వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ తప్పకుండా కొనండి, ఖరీదైన ఫిల్టర్లు తర్వాత చూసుకోవచ్చు.

మొదటి టార్గెట్‌గా డిసెంబరు, జనవరిల్లో ఓరియన్ నెబ్యులా మంచిది. దాని నడిభాగం తెల్లగా మాడిపోతుంది కాబట్టి పది సెకన్ల ఫొటోలు కూడా కొన్ని తీయండి. డార్క్ ఫ్రేములు (లెన్స్ మూత పెట్టి తీసినవి), ఫ్లాట్ ఫ్రేములు (సమానమైన వెలుగులో తీసినవి) కలిపి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేయండి, అంటే ఫొటోలన్నిటినీ ఒకటిగా కలపండి, అదీ ఉచితమే. ఫొటోలు నాలుగు రెట్లయితే నాయిస్ (ఫొటోలోని గరుకుదనం) సగమవుతుంది. స్టాక్ అయిన ఫొటో మొదట నల్లగా కనిపిస్తే టెన్షన్ పడకండి. ముందు వీధిలైట్ల గ్రేడియంట్ (ఫొటోలో ఒక పక్క ఎక్కువగా పరుచుకునే వెలుగు) తీసేసి, ఆ తర్వాతే కొద్దికొద్దిగా స్ట్రెచ్ చేయండి, అంటే మసక భాగాలను వెలుగులోకి తీసుకురండి.