టైమర్ ఆన్ చేయగానే వేరియబుల్స్ చెడిపోతున్నాయా? ల్యాప్‌టాప్ మార్చకండి, కంపైలర్ మార్చండి

మీరు రాస్తున్న కెర్నల్లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) వేరియబుల్స్ చెడుతున్నాయని, ల్యాప్‌టాప్ మార్చాలా అని అడిగారు. లినక్స్‌తో వచ్చిన మామూలు జీసీసీ కంపైలర్‌తోనే ఆ 64 బిట్ల కెర్నల్ బిల్డ్ చేస్తున్నానన్నారు. టైమర్ ఇంటరప్టు (ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతం) మొదలయ్యాకే లోకల్ వేరియబుల్స్ చెడుతున్నాయంటే నా అనుమానం రెడ్ జోన్ మీదే. ఫంక్షన్లు లోకల్ వేరియబుల్స్ దాచుకునే మెమరీ స్టాక్; దాని కొసను చూపే స్టాక్ పాయింటర్‌కు దిగువనున్న 128 బైట్లే రెడ్ జోన్. వాటిని ఎవరూ ముట్టుకోరని కంపైలర్ ధీమా. ఇంటరప్టు రాగానే ప్రాసెసర్ సరిగ్గా అక్కడే అయిదు విలువలు రాసేస్తుంది.

1. ఎక్స్86_64-ఈఎల్ఎఫ్ టార్గెట్‌తో క్రాస్ కంపైలర్ (లినక్స్ మీద నడుస్తూ వేరే సిస్టమ్ కోసం కోడ్ తయారు చేసేది) బిల్డ్ చేసుకోండి. ముందు బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉండే ప్యాకేజీ), తర్వాత జీసీసీ.

2. ప్రతి సీ ఫైలుకూ, రెడ్ జోన్ వాడొద్దని చెప్పే 'ఎమ్‌నో-రెడ్-జోన్' ఆప్షన్ ఇవ్వండి.

3. చాలామంది మరిచిపోయేది లిబ్‌జీసీసీని, అంటే జీసీసీతో పాటు వచ్చే సహాయక ఫంక్షన్ల లైబ్రరీని. మీ కోడ్ సంగతి చక్కబడినా, ఆ లైబ్రరీ రెడ్ జోన్‌తోనే తయారై ఉంటుంది. 128 బిట్ల భాగహారం ఒక్కటి రాసినా చాలు, దానిలోని ఫంక్షన్ చడీచప్పుడు లేకుండా మీ కెర్నల్లోకి వచ్చేస్తుంది. అందుకే జీసీసీ బిల్డ్ చేసేటప్పుడే మల్టీలిబ్ (ఒకే లైబ్రరీని వేర్వేరు ఆప్షన్లతో పలు ప్రతులుగా తయారు చేసే సదుపాయం) ద్వారా రెడ్ జోన్ లేని రెండో ప్రతిని తయారు చేయించండి. లింక్ చేసేటప్పుడు కూడా అదే ఆప్షన్ ఇవ్వాలి, లేదంటే జీసీసీ పాత ప్రతినే తీసుకుంటుంది. నేను రెండో ప్రతి తయారు చేసి కూడా ఈ లింక్ దగ్గరే వారం పోగొట్టుకున్నాను.

4. కెర్నల్‌ను పరీక్షించడానికి క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడపండి; దానికి చిన్న ఎస్, పెద్ద ఎస్ ఆప్షన్లు రెండూ ఇవ్వండి. మొదటి ఇన్‌స్ట్రక్షన్ కూడా నడపకుండా 1234 పోర్టులో జీడీబీ (తప్పులు వెతికే డీబగ్గర్) కోసం ఆగుతుంది. కేవీఎం (అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడిపే లినక్స్ సదుపాయం) లేకుండా నడిపి 'డీ ఇంట్' కలిపితే, ఏ ఇంటరప్టు ఎక్కడ వచ్చిందో రిజిస్టర్లతో సహా లాగ్‌లో కనిపిస్తుంది.