షట్టరు సంగతి తర్వాత, ముందు కౌంటరు దాఖలు చేయండి

ప్రశ్న: మాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర కిరాణా, ఫ్యాన్సీ సామాన్ల దుకాణం. నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ల రోజు సాయంత్రం షాపు నిండా జనం ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టరు పది నిమిషాలకే చేతులెత్తేసింది. బిల్లింగ్ కంప్యూటరు, వైఫై, సౌండ్‌బాక్సు అన్నీ ఆగిపోయాయి. "ఏటి బాబూ, ఎంతసేపిలా నిలబెడతారు" అని ఒకరు, "బిల్లు ఇవ్వలేనోళ్లు షాపెందుకు తెరిచారు" అని ఇంకొకరు మా మీద విరుచుకుపడ్డారు. కౌంటరులో కూర్చునే అమ్మాయి ఏడ్చేసింది. చీకట్లో కొందరు డబ్బు ఇవ్వకుండా వెళ్లిపోతున్నారని షట్టరు సగానికి పైగా దించాను. ఒకావిడ 1,860 రూపాయలు ఫోన్లో పంపానని తెర చూపించింది. మాకు డబ్బు పడలేదు. కరెంటు వచ్చేదాకా ఉండమన్నాను. మా కుర్రాడు ఆమె సంచి తీసుకుని వెతికాడు. పాతిక నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆమె సరుకులు అక్కడే పడేసి, పిల్లాడిని తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు కన్జ్యూమర్ కోర్టులో రెండు లక్షలకు కేసు వేసింది. స్టేషన్లో కూడా అర్జీ ఇచ్చిందట. కరెంటు పోవడం మా తప్పా? ఎదురు కేసు వేయొచ్చా? ఆమె వీడియో నా ఫోన్లో ఉంది, వర్తకుల వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా? ఆ రోజు బిల్లు ఇప్పుడు బిల్లు పుస్తకంలో రాసి చూపిస్తే చాలని ఒక స్నేహితుడు అంటున్నాడు. నోటీసు వచ్చి 33 రోజులైంది. సంక్రాంతి బేరాల హడావిడిలో ఏ వకీలునూ కలవలేకపోయాను.
– ఒక దుకాణదారు, విజయనగరం

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది, పాఠకుల కోసం కుదించాను. అందులో ముప్పాతిక భాగం కరెంటు, జనం, అవమానం. కేసును తేల్చే మాట మాత్రం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టుగా రాశారు: నోటీసు వచ్చి 33 రోజులైంది. అందుకే ఈ జవాబు ముందు మీకే పంపాను. మిగతా దుకాణదారులకు పనికొస్తుందని ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాను.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 చూడండి. ఫిర్యాదు కాపీ అందిన 30 రోజుల్లోగా మీ జవాబు, అంటే మనం వాడుకలో కౌంటరు అనేది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు కావాలి. కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు. అంతే. సివిల్ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు "ఆలస్యం మన్నించమని ఒక పిటీషను పడేద్దాంలే" అంటారు. ఇక్కడ ఆ మాట చెల్లదు. ఒక కోల్డ్ స్టోరేజీకీ బీమా కంపెనీకీ నడిచిన కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చేసింది. 45 రోజులు దాటాక ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదు. ఆ తీర్పు 1986 నాటి పాత చట్టం మీద వచ్చినదే, కానీ గడువు గురించి కొత్త చట్టంలోనూ అదే నియమం ఉంది.

అంటే మీ హక్కుగా ఉన్న 30 రోజులను మీరు పప్పు, బెల్లం తూకాల్లో పోగొట్టుకున్నారు. మిగిలిన 12 రోజులు హక్కు కాదు, అడిగి తెచ్చుకోవాల్సినవి. లక్షల సరుకు లెక్క తప్పకుండా చూసుకునే మనిషి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కోర్టు కాగితాన్ని గల్లాపెట్టె కింద పెట్టి నెల రోజులు మరిచిపోవడం ఏమిటి? ఆ గడువు దాటితే ఆమె అఫిడవిట్‌లో ఏం రాస్తే అదే రికార్డు. మీ తరఫున వకీలు నిలబడి రెండు లక్షలు మరీ ఎక్కువని వాదించవచ్చు గానీ, ఆ సాయంత్రం ఏం జరిగిందో మీ మాటగా చెప్పే చోటు ఉండదు.

కాబట్టి రేపే వకాల్తా ఇవ్వండి. గడువు పొడిగించమనే పిటీషనునూ కౌంటరునూ ఒకేసారి వేయించండి. చేతిలో కౌంటరు పట్టుకుని గడువు అడిగేవాడి మాట వేరు, ఉత్త చేతులతో వచ్చి వాయిదా అడిగేవాడి మాట వేరు. కారణం ఉన్నదున్నట్టు రాయండి. పండగ బేరాలు అంత గొప్ప కారణం కాదు, నిజమే. అలాగని జ్వరం సర్టిఫికెట్టు కొని తెచ్చే తెలివి చూపించకండి. ఇంకొకటి, కవరులో నోటీసు ఒక్కటే వచ్చిందా, ఫిర్యాదు కాపీ కూడా ఉందా చూడండి. కాపీ తర్వాత అందితే, అది అందిన రోజు నుంచే లెక్క. కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది, పారేయకండి.

ఇక డబ్బు. "మాకు డబ్బు పడలేదు" అన్నారు. ఎప్పటికి పడలేదు? ఆ రాత్రికా, ఇవాళ్టికా? సౌండ్‌బాక్సు పలకకపోవడం డబ్బు రాకపోవడం కాదు, నెట్ లేక అది పలకలేదంతే. దుకాణాలకు చేసే యూపీఐ చెల్లింపులో కొనేవారి ఖాతా నుంచి డబ్బు పోయి అమ్మేవారికి చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా అది తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. కాబట్టి మీ బ్యాంకు స్టేట్‌మెంటు, పేమెంట్ యాప్ సెటిల్‌మెంటు రిపోర్టు, తొలేళ్ల రోజు నుంచి వారం పాటు తీయించండి. అందులో 1,860 పడి ఉంటే మీ పరిస్థితి మీకే అర్థమవుతుంది: సరుకూ మీ దగ్గరే, డబ్బూ మీ దగ్గరే, పైగా ఆమెనే ఆపి సంచి వెతికారు. అదే నిజమైతే ఇవాళే ఆమె ఖాతాకు తిప్పి పంపండి. ఆ రసీదు కౌంటరుకు జతచేయండి. డబ్బు పడకపోతే ఆ స్టేట్‌మెంటే మీకున్న మొదటి మంచి కాగితం.

"డబ్బే ఇవ్వనిది వినియోగదారు ఎలా అవుతుంది" అని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. ఆ వాదన మీద ఆశ పెట్టుకోకండి. చట్టంలో ధర చెల్లించినవారితో పాటు చెల్లిస్తానన్నవారూ వినియోగదారులే.

వీడియో సంగతి చదివి కోపం వచ్చింది. మీ ఫోన్లో ఉన్నది మానిటరు ముందు ఫోను పెట్టి తీసిన ముక్క. దానికి విలువ దాదాపు శూన్యం. అసలు రికార్డు డీవీఆర్, అంటే సీసీ కెమెరా రికార్డరు, హార్డ్ డిస్కులో ఉండాలి. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. చాలా షాపుల్లో అది నెల కూడా నిలవదు. తొలేళ్లు అక్టోబరులో, ఇప్పుడు సంక్రాంతి అయింది. కేసు వేయడానికి చట్టం ఆమెకు రెండేళ్లు ఇచ్చింది, మీ డీవీఆర్ మీకు నెల కూడా ఇవ్వలేదు. గొడవ జరిగిన రాత్రే ఆ డిస్కు విప్పి కొత్తది వేసుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. అయినా ఒకసారి టెక్నీషియన్‌ను పిలిచి, కొత్త రికార్డింగు ఆపించి, ఏం మిగిలిందో చూడండి. దొరికితే అసలు డిస్కును కవరులో పెట్టి సీలు చేయండి. కాపీ దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్టు ఉండాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే అంకె, హ్యాష్ విలువ, కూడా రాయాలి. కరెంటు లేనప్పుడు కెమెరా ఎలా పనిచేసిందని ఎదుటి వకీలు మొదటే అడుగుతాడు. దానికి వేరే యూపీఎస్ ఉంటే బిల్లు వెతికిపెట్టండి. డీవీఆర్ గడియారం సరైన టైము చూపిస్తోందో లేదో కూడా పోల్చి రాసుకోండి. పది నిమిషాలు ముందో వెనకో తిరిగే డీవీఆర్‌లు నేను చాలా చూశాను. ఆ తేడా ముందే చెప్పకపోతే మొత్తం రికార్డునే అనుమానిస్తారు.

కరెంటు ఎంతసేపు పోయిందన్నదానికి మీ మాట, ఆమె మాట రెండూ అక్కర్లేదు. ఏ ఫీడరు (కరెంటు లైను) ఎన్నింటికి ఆగి ఎన్నింటికి వచ్చిందో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో రాస్తారు. కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. కౌంటరుకు అందకపోయినా సాక్ష్యం దశకు అందుతుంది. మీరు పాతిక నిమిషాలంటున్నారు, ఫిర్యాదులో ఆమె గంటన్నర అని రాసి ఉంటే ఆ కాగితం పనికొస్తుంది. అంతకు మించి కరెంటు గొడవ ఈ కేసులోకి లాగకండి. తిత్లీ తుఫాను తర్వాత శ్రీకాకుళం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేకుండానే దుకాణాలు నడిచాయి. కరెంటు పోవడం మీ తప్పని ఆమె అనడం లేదు, ఏ కమిషనూ అనదు. ఐస్‌క్రీములు కరిగిన నష్టం కావాలంటే విద్యుత్ చట్టం కింద ఆ పంపిణీ సంస్థకు ఫిర్యాదుల పరిష్కార వేదిక వేరే ఉంది, అది వేరే పని.

మీ మీద ఉన్న ఆరోపణ షట్టరు, సంచి. ఇక్కడ మీరు నాకు నచ్చని మాట ఒకటి రాశారు: "దొంగల్ని ఆపే హక్కు షాపు యజమానికి ఉంది కదా." ఉంది, కొంతవరకే. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం మామూలు మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే, తన కళ్లెదుట జరిగినది వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే, బెయిలు హక్కుగా దొరకని నేరమై ఉండాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఈ కొత్త నేర చట్టాల్లో 5,000 రూపాయల లోపు దొంగతనం ఆ కోవలోకి రాదు. మీ లెక్క 1,860. పైగా ఆమె దొంగిలించలేదు, డబ్బు పంపానంటూ తెర చూపించింది. అది లెక్క తేలని బాకీ. బాకీ ఉన్న మనిషిని షట్టరు దించి ఆపితే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం అని ఆమె అంటుంది. ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆడమనిషి సంచిని మగ కుర్రాడు లాక్కుని వెతకడం ఇంకా చెడ్డది. చెయ్యి తగిలిందని ఆమె అంటే అది వేరే సెక్షను, బెయిలు కూడా సులువు కాదు. షట్టరు ఎందుకు దించారో, ఎంత ఎత్తులో ఆపారో, బయటికి వెళ్లాలన్నవాళ్లను వెళ్లనిచ్చారో లేదో, ఆ సమయంలో షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల చేత అఫిడవిట్లు ఇప్పించండి. మీ దగ్గర జీతం తీసుకునేవాళ్లవి కాదు.

ఇప్పుడు మీ స్నేహితుడి సలహా. బిల్లు పుస్తకంలో వెనకటి తేదీ వేసి బిల్లు రాయకండి. చేతి రాతతో గానీ కంప్యూటరులో తేదీ మార్చి గానీ, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బిల్లు ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి, నిజమే. కరెంటు లేదన్నది దానికి మినహాయింపు కాదన్నదీ నిజమే. కానీ అది పరిహారంతో పోయే తప్పు. దొంగ బిల్లు సృష్టించి కమిషన్ ముందు పెడితే అది న్యాయ విచారణలో తప్పుడు సాక్ష్యం పుట్టించడం. న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. పైగా దొరకడం ఎంత తేలికో మీకు తెలియదా? ముందు నంబరు బిల్లు ఏ తేదీది, వెనక నంబరు ఏ తేదీది, జీఎస్టీ రిటర్నులో ఆ రోజు అమ్మకం ఎంత చూపారు, ఈ మూడూ పక్కపక్కన పెడితే చాలు. ఆ రోజు బిల్లు ఇవ్వలేకపోయామని కౌంటరులో ఒప్పుకోండి. ఆ సాయంత్రం చిత్తు కాగితాల మీద రాసుకున్న లెక్కలుంటే, నలిగిపోయినవైనా సరే, అవే అసలు సాక్ష్యం.

వాట్సాప్ గ్రూపు మాట ఎత్తకండి. "దొంగ" అని ఆమె ముఖం పెడితే పరువు నష్టం, న్యాయ సంహిత సెక్షన్ 356, రెండేళ్ల దాకా జైలు. ఆమెకు రెండో కేసు మీరే రాసిచ్చినట్టు. ఎదురు కేసు సంగతి కూడా అంతే. బాకీ దావాకు మూడేళ్ల గడువుంది, కానీ సరుకు మీ దగ్గరే ఉన్నప్పుడు దేనికి దావా?

స్టేషన్ నుంచి పిలుపు వస్తే తప్పించుకోకండి, వకీలుతో వెళ్లి రాతపూర్వకంగా జవాబివ్వండి.

కౌంటరు పడ్డాక మొదటి వాయిదాలోనే వినియోగదారుల చట్టం సెక్షన్ 37 కింద మధ్యవర్తిత్వానికి పంపమని అడగండి. మధ్యవర్తి ముందు మాట్లాడింది తర్వాత మీ మీద సాక్ష్యంగా వాడరు కాబట్టి, విచారం వెలిబుచ్చడానికి అక్కడ మొహమాటపడక్కర్లేదు. పిల్లాడితో చీకట్లో నిలబడ్డ మనిషి అడిగేది చాలాసార్లు డబ్బు కంటే ముందు ఆ ఒక్క మాటే. నా అంచనాలో డబ్బు పడి ఉంటే దాన్ని వడ్డీతో తిప్పి ఇవ్వడం, కొంత పరిహారం, ఖర్చులు, ఇంతటితో ఇది తెగే వ్యవహారం. అక్రమ నిర్బంధం రాజీ పడదగ్గ నేరమే కాబట్టి, రాజీ పత్రంలో స్టేషన్ అర్జీ కూడా ఉపసంహరించుకుంటున్నానని ఆమె చేత రాయించండి. ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు ఏడాది. కమిషన్‌లో కేసు ముగిసినా ఆ అర్జీ అంతవరకు ప్రాణంతోనే ఉంటుంది, ఆ వాక్యం చూసుకోకుండా సంతకం పెట్టకండి.