సన్నాయి ఒక్కటి చాలా, డీజే కూడా కావాలా?

ప్రశ్న: అక్కా, మాది పటమట. మా అమ్మాయి పెళ్లి కానూరు వైపు ఒక ఫంక్షన్ హాల్లో, ముహూర్తం రాత్రి 2 దాటాక. సన్నాయి మేళం ఉండాల్సిందే అంటారు మావారు. ఈవెంట్ వాళ్లేమో జీలకర్ర బెల్లం టైముకి సినిమా పాట వేస్తాం, వీడియోలో అదిరిపోతుంది అంటున్నారు. మండపంలోకి వచ్చేటప్పుడు తనకి నచ్చిన పాటే రావాలని అమ్మాయి పట్టు. అర్ధరాత్రి మైకు పెడితే పోలీసులొస్తారని మా మరిది ఇంకో టెన్షన్ పెట్టాడు. ఎవరి మాట వినను?
– పెళ్లికూతురి తల్లి, విజయవాడ

జవాబు: మీవారి మాటా వినండి, అమ్మాయి మాటా వినండి. ఈవెంట్ వాళ్ల మాట మాత్రం ఆ ఒక్క ఘట్టంలో వినొద్దు.

జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, ఈ రెండూ మేళానివి. పంతులుగారు చెయ్యి ఊపి "గట్టిమేళం" అనగానే డోలు అందుకోవాలి, ఆయన ఆపమన్న చోట ఆగాలి. మండపం మీద ఏం జరుగుతోందో కళ్లతో చూస్తూ వాయించే మనిషికే అది కుదురుతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడికి కెమెరావాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడదు, పైగా వాడు వేసే పాటలో పల్లవి రావడానికే అర నిమిషం పడుతుంది, ఈలోపు ముహూర్తం కాస్తా దాటిపోతుంది. అసలు గట్టిమేళం పెట్టిందే ఆ క్షణంలో ఎవరి తుమ్మో, పిల్లల ఏడుపో, ఒక అశుభం మాటో చెవిన పడకూడదని అంటారు పెద్దవాళ్లు. వీడియోకి పాట కావాలంటే ఎడిటింగ్‌లో ఎన్నయినా పెట్టుకోవచ్చు.

అమ్మాయి పాట విషయానికొస్తే, గౌరీపూజ అయ్యాక మేనమామలు బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చే ఆ రెండు మూడు నిమిషాలూ తనవే, ఏ పాటైనా వేసుకోనివ్వండి. కాకపోతే అదే టైములో మండపం మీద అబ్బాయి చేత మంత్రాలు చెప్పిస్తూ ఉండొచ్చు కాబట్టి పంతులుగారికి ముందురోజే చెప్పి ఒప్పించండి, అప్పటికప్పుడు చెబితే ఆయనకి కోపం రావడం న్యాయమే. అమ్మాయి అడ్డుతెర వెనక కూర్చోగానే పాట నెమ్మదిగా తగ్గిపోవాలి. పంతులుగారికీ, మేళానికీ, సౌండ్ అబ్బాయికీ మధ్య సైగలు చేయడానికి మీ ఇంట్లో కాస్త నిదానస్తుడైన బాబాయినో అన్నయ్యనో ఒక్కణ్ణే పెట్టండి. ఇద్దర్ని పెట్టారా, ఒకరు వేయమంటారు, ఇంకొకరు ఆపమంటారు.

తలంబ్రాలప్పుడు సరదాగా ఉండొచ్చు. ఇంట్లో పాడేవాళ్లుంటే అన్నమయ్య "పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు" ఉండనే ఉంది, లేదంటే సినిమా పాటలే కానివ్వండి.

మీ మరిది చెప్పింది ఉత్త బెదిరింపు కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, గట్టిగా మోగే వాయిద్యాలకి కూడా ఇదే వర్తిస్తుంది. నాలుగు గోడల మధ్య, లోపలివాళ్ల కోసం పెట్టుకునే హాలుకి మినహాయింపు ఉంది. పండగలూ ఉత్సవాల కోసం ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించొచ్చు గానీ మీ 2 గంటల ముహూర్తానికి అది పనికిరాదు. కాబట్టి మండపం లాన్‌లో వద్దు, లోపల వేయించండి, తలుపులు మూయించండి. సన్నాయికి మైకు అక్కర్లేదు, డోలుకి అసలే వద్దు. బ్యాండుతో ఊరేగింపు 10 లోపు ముగించేయండి, దానికి స్టేషన్లో పర్మిషన్ ముందే తీసుకోండి.

మేళం మాట్లాడేటప్పుడు మధ్యవర్తితో కాకుండా మేళం పెద్దతో నేరుగా మాట్లాడండి. ఎన్ని సన్నాయిలు, ఎన్ని డోళ్లు, ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా ఉంటారా, మధ్యలో ఇంకో పెళ్లి ఒప్పుకున్నారా, ఇవన్నీ అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి. శుభలగ్నాల రోజుల్లో ఒకే రాత్రి రెండు పెళ్లిళ్లు ఒప్పుకునేవాళ్లు ఉంటారు. మనవైపు సన్నాయికి పెద్ద వంశమే ఉందని మీ పిల్లలకి కూడా చెప్పండి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకుని, తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. సీతమ్మ పెళ్లి కీర్తనలు ఈ ముస్లిం ఇళ్లలో తరతరాలుగా సాధన చేస్తున్నారు. అలాంటి విద్య ఉన్నవాళ్లని చెప్పుల స్టాండు పక్కన కూర్చోబెట్టి ఆఖరి బంతిలో భోజనం పెట్టే పెళ్లిళ్లు చూస్తే ఒళ్లు మండుతుంది. మండపం కనిపించేచోట చాప వేయించండి, రాత్రంతా మెలకువగా ఉండాలి కాబట్టి కాఫీ అందేలా చూడండి.

ప్రశ్న: మా తమ్ముడి రిసెప్షన్ గుంటూరులో, అమరావతి రోడ్డు వైపు ఓపెన్ లాన్. వాడికి డీజే కావాలి, నాన్నకి ఆర్కెస్ట్రా. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.
– అక్కయ్య, బ్రాడీపేట

జవాబు: ఇద్దరూ గెలవాలంటే టైము పంచండి. గుంటూరు రిసెప్షన్‌కి జనం ఎందుకొస్తారో మీకూ తెలుసు, పలకరింపులకీ భోజనానికీ. పక్కనున్న పెదనాన్నని "బాగున్నారా" అని మూడుసార్లు అరిచి అడగాల్సి వస్తే అది ఎంత మంచి పాటైనా దండగే. మొదటి గంటన్నర పాటల్లేకుండా వయొలిన్, ఫ్లూటు, తబలా చాలు. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో అడిగితే వాయించే కుర్రాళ్లు దొరకొచ్చు, మీ ఖర్చూ తగ్గుతుంది, వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి.

తర్వాత ఆర్కెస్ట్రా. పాటల లిస్టు ముందే రాయించుకుని చరణాలతో సహా చదవండి, ఎందుకంటే ట్యూన్ బాగుందని పాడేస్తారు, రెండో చరణంలోకి వెళ్లేసరికి అది విడిపోయిన వాళ్ల ఏడుపు పాట అని తేలుతుంది, స్టేజీ మీద కొత్త జంట నవ్వుతూ నిలబడి ఉంటారు. "మా బావగారు ఒక్క పాట పాడతారు" అని మైకు అడిగేవాళ్లకి ఇవ్వకూడదని ఆర్కెస్ట్రా వాళ్లకి గట్టిగా చెప్పండి. ఆ ఒక్కటీ ఒక్కటితో ఆగదు.

పెద్దవాళ్ల భోజనాలు అయ్యాక, 9 నుంచి 10 దాకా డీజే. ఓపెన్ లాన్ కాబట్టి 10కి ఆపాల్సిందే, అది మీ నాన్నకి ఊరట. స్టేజీకి అటూ ఇటూ రెండు పెద్ద టవర్లు పెట్టనివ్వకండి, ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ల గుండెలు అదురుతాయి. చిన్న స్పీకర్లు నాలుగైదు చోట్ల పెట్టి సౌండ్ తగ్గించమనండి, భోజనాల వైపు ఒక్కటీ వద్దు.

ప్రశ్న: పాటలు వేసుకోవడానికి మ్యూజిక్ లైసెన్స్ కట్టాలంటూ హాలు వాళ్లు అదనంగా డబ్బు అడుగుతున్నారు. కట్టాలా?
– ఓ పెళ్లికొడుకు, మంగళగిరి

జవాబు: కట్టక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌ఏ) సెక్షన్ పెళ్లి ఊరేగింపునీ, పెళ్లికి సంబంధించిన మిగతా వేడుకల్నీ ఈ లైసెన్స్ నుంచి మినహాయించింది. 2023 జులైలో కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇదే విషయం చెబుతూ ప్రకటన కూడా ఇచ్చింది, దాన్ని ప్రింటు తీసి హాలు మేనేజర్ చేతిలో పెట్టండి. అయినా కుదరదంటే, ఆ డబ్బు ఎవరికి, దేనికి అని కాగితం మీద రాసి రసీదు ఇమ్మనండి. మైకు పర్మిషన్ వేరు, దానికీ దీనికీ ముడిపెట్టొద్దు.

ప్రశ్న: మా పెళ్లి చర్చిలో. లోపలికి నడిచి వచ్చేటప్పుడు సినిమా పాట వేసుకోవచ్చా?
– గుణదల

జవాబు: అది ఫాదర్ గారు గానీ పాస్టర్ గారు గానీ చెప్పాలి. చాలా చోట్ల ఆరాధన లోపల సినిమా పాట ఒప్పుకోరు, కొన్నిచోట్ల మాటల్లేకుండా కీబోర్డు మీద ట్యూన్ వరకు ఫర్వాలేదంటారు. కార్డులు కొట్టించకముందే అడగండి. క్వయర్ వాళ్లతో ఒక రిహార్సల్ పెట్టుకుని, మీరు గుమ్మం నుంచి ముందుకి నడవడానికి ఎంతసేపు పడుతుందో నిజంగా నడిచి చూడండి, పొడవాటి గౌనుతో మీరనుకున్న దానికన్నా ఎక్కువే పడుతుంది, పాట మధ్యలో అయిపోతే క్వయర్ మళ్లీ మొదటి చరణం ఎత్తుకోవాల్సి వస్తుంది. సినిమా పాటలన్నీ సాయంత్రం విందుకి దాచుకోండి.