పాప గదికి పాతకాలం ఫెయిరీ బొమ్మలా? రెక్కలు తర్వాత, ముందు పువ్వు చూడండి

"మా రెండేళ్ల పాప గదికి పాతకాలం ఇంగ్లీషు ఫెయిరీ బొమ్మలు, అడవిపూల బొమ్మలు ప్రింట్ తీయించి ఫ్రేములు కట్టిద్దామనుకుంటున్నాను, మిగిలినవాటితో స్టీలు డబ్బాలకీ డైరీ అట్టలకీ అతికించే క్రాఫ్ట్ చేద్దామని ఉంది, ఏవి బాగుంటాయి, ఎక్కడ దొరుకుతాయి" అని అడిగారు కదండీ. దొరికే చోటు గురించి కిందెక్కడో వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. అందరూ ఫెయిరీ మొహం, రెక్కలు చూసి బొమ్మ ఎంచుకుంటారు, మీరు మాత్రం పువ్వు చూసి ఎంచుకోండి. పువ్వు తప్పుగా ఉన్న బొమ్మ నెల తిరక్కుండానే గోడ మీద చూడబుద్ధి కాదు. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరితోనైనా వాదిస్తాను.

మా ఆడపడుచు వాళ్ళ పాప గదికని ఆన్‌లైన్లో ఒక సెట్టు తెప్పించింది, "వింటేజ్ ఫ్లవర్ ఫెయిరీస్" అని రాసున్నది. కాయితం మందంగా బాగానే ఉంది, అంచులకి టీ ఒలికినట్టు మరకలు ప్రింట్ చేశారు, కింద వంకీలు తిరిగిన అక్షరాలు. అప్పుడే పండక్కి అందరం కాకినాడలో మా ఇంట్లో ఉన్నాం, డైనింగ్ టేబుల్ మీద పరిచింది, అబ్బ ఎంత బాగున్నాయో అని అందరం అంటున్నాం. మా అత్తయ్య డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నారు, చేతులు చీరకి తుడుచుకుని ఒక బొమ్మ దగ్గరికి లాక్కున్నారు.

"ఇదేం పువ్వే?"

"ప్రిమ్‌రోజ్. కింద రాసుంది కదమ్మా."

"రాసింది సరే, వేసింది చూడు. దీనికి ఐదు రేకులు, దీనికి ఏడు, ఇదిగో దీనికి ఎన్నో వేసినవాడికే తెలీదు. ప్రిమ్‌రోజ్ ఆకులు నేలనంటుకుని గుత్తిగా రావాలి, ముడతలుండాలి. ఇక్కడ కాడకి ఎదురెదురుగా వచ్చాయేంటి? పైన మళ్ళీ గులాబీ ఆకు. ఒకే మొక్కకి మూడు రకాల ఆకులు."

"అమ్మా, అది ఫెయిరీ బొమ్మ. నీ ప్రాక్టికల్స్ రికార్డు కాదు."

"సరే, ఏ ఫ్యామిలీయో చెప్పు."

"ఫెయిరీ ఫ్యామిలీ!"

అందరం నవ్వాం గానీ అత్తయ్య నవ్వలేదు, లోపలికెళ్ళి భూతద్దం తెచ్చుకుని మరీ కూర్చున్నారు. ఈలోగా ఆ పాప కుర్చీ ఎక్కి వంగి చూసి "అమ్మమ్మా, ఇది రెక్కా, రేకా?" అని వేలు పెట్టింది. చూస్తే నిజమే, ఆ ఫెయిరీ ఎడమ రెక్క వీపు మీంచి కాదు, పక్కనున్న పువ్వులోంచి వచ్చింది. అప్పుడర్థమైంది అందరికీ, వందేళ్ల కిందటి బొమ్మా లేదు పాడూ లేదు, కంప్యూటర్ చేత తయారుచేయించి టీ మరక కొట్టారని. తిరిగి పంపుదామంటే రిటర్న్ గడువు దాటిపోయింది, అమ్మినవాళ్ళ పేజీయే కనపడట్లేదు. ఇప్పుడు ఎక్కడ "వింటేజ్ ఫెయిరీ" అని వెతికినా సగం ఇవే. అయిదు వందల బొమ్మలు ఒకే జిప్ ఫైల్లో నూటికో రెండొందలకో అమ్ముతున్నారంటే అనుమానించండి, ఒక మనిషి జన్మంతా కూర్చున్నా అన్ని బొమ్మలు అంత ఒకే రకంగా వెయ్యలేదు.

అసలువి వేసినావిడ సంగతి చెప్తే మీకే తెలుస్తుంది తేడా ఎక్కడుందో. సిసిలీ మేరీ బార్కర్, 1895లో లండన్ పక్కన క్రాయ్‌డన్‌లో పుట్టింది. చిన్నప్పుడు మూర్ఛ జబ్బు ఉండేది, అందుకని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పించారు, పదమూడేళ్లకి సాయంత్రం పూట ఆర్ట్ స్కూల్లో చేర్పించారు. 1923లో "ఫ్లవర్ ఫెయిరీస్ ఆఫ్ ది స్ప్రింగ్" అచ్చయింది, 24 బొమ్మలు, వాటితోపాటు పద్యాలు కూడా ఆవిడవే, మొత్తానికి ఇచ్చింది 25 పౌండ్లు. (ఆర్టిస్టులకి డబ్బులివ్వడంలో ప్రపంచమంతా ఎప్పుడూ ఒకటే పద్ధతి, అది వేరే గోల.) వాళ్ళ అక్క ఇంట్లోనే చిన్నపిల్లల బడి నడిపేది, ఆ పిల్లలే ఫెయిరీలు. వాళ్ళకి బట్టలు బార్కరే కుట్టేది, రెక్కలు పుల్లలకి పల్చటి జాలీ గుడ్డ కట్టి చేసేది, ఏ పువ్వు ఫెయిరీ వేస్తుంటే ఆ పువ్వు పిల్ల చేతికిచ్చి నిలబెట్టేది. ఎక్కడా దొరకని మొక్క కావాలంటే లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద బొటానికల్ తోట వాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. అంటే పిల్లా నిజమే, పువ్వూ నిజమే, అబద్ధం రెక్కల దగ్గర మాత్రమే. ఆ ప్రిమ్‌రోజ్ ఫెయిరీ ఈ మొదటి పుస్తకంలోనే ఉంది, మా అత్తయ్యకి ఫోన్లో చూపిస్తే పెద్దది చేసి ఆకుల ముడతలు చూసి "ఆఁ, ఈవిడ మొక్క ముందు కూర్చుని వేసింది" అన్నారు. అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి.

ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళకి ఫెయిరీల పిచ్చి ఏ రేంజ్‌లో ఉండేదంటే, 1917లో యార్క్‌షైర్‌లో కాటింగ్లీ అనే ఊళ్ళో పదహారేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల ఆమె కజిన్ కలిసి పిల్లల పుస్తకంలో బొమ్మలు చూసి అలాగే గీసి, అట్టకి కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో గుచ్చి ఫోటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ అవి నిజమని నమ్మి 1920లో పత్రికలో వ్యాసం రాసేశాడు! 1983లో గానీ వాళ్ళు అసలు విషయం ఒప్పుకోలేదు. నన్నడిగితే పేపర్ క్రాఫ్ట్ చరిత్రలో ఇంతకుమించింది లేదు, కత్తెర, అట్ట, పిన్నులు, అంతే సామాను. మీ పాప గదిలో కూడా అలా కత్తిరించి మొక్కల కుండీల్లో గుచ్చొచ్చు, ఫ్రేమ్ ఖర్చు ఉండదు.

ఇక ప్రింట్ల దగ్గరకి వస్తే ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. బార్కర్ పుస్తకాలు అరచేతిలో పట్టేంత చిన్నవి. అప్పటి రంగుల అచ్చు చుక్కలతో వేసేవాళ్ళు. అంత చిన్న పేజీని స్కాన్ చేసి ఎ3 సైజుకి సాగదీస్తే పాప బుగ్గల మీద చుక్కలన్నీ తట్టు పోసినట్టు లేస్తాయి. కాబట్టి వాటిని చిన్నగానే ఉంచండి, పోస్టుకార్డు సైజులో తీయించి చుట్టూ వెడల్పు మౌంట్ (బొమ్మకీ ఫ్రేముకీ మధ్య వచ్చే అట్ట) పెట్టిస్తే గోడ మీద పెద్దగానే కనపడుతుంది. ఎ4 నిండుగా కావాలంటే ఫైలు కనీసం 2480 బై 3508 పిక్సెల్స్ ఉండాలి, అప్పుడే 300 డిపిఐ, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ వస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పట్టుకుని ప్రింటింగ్ షాపుకెళ్ళి వాడితో గొడవపడకండి.

పెద్ద సైజు కావాలంటే నా సలహా వేరు, నిజం చెప్పాలంటే ఇది చెప్పడానికే ఈ జవాబు మొదలుపెట్టాను. ఇంగ్లీషు అడవిపూలు వెతుక్కుంటూ అంత దూరం పోతున్నాం గానీ, మా కాకినాడ పక్కనే సామర్లకోటలో 1781 నుంచి విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు ఉండి మన కోస్తా మొక్కల్ని స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. వాటిల్లోంచి 300 ఎంచి లండన్‌లో 1795 నుంచి "ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్" అని మూడు సంపుటాలుగా అచ్చేశారు. రాగి రేకు మీద చెక్కి అచ్చు తీసి, ఆ పైన చేత్తో రంగులేసిన బొమ్మలు, పేజీలు కూడా భారీ సైజు, కాబట్టి చుక్కల గొడవే లేదు, ఎ3కి పెంచినా గీత గీతగా నిలబడతాయి. మోదుగ ఉంది, తీగ మోదుగ ఉంది, ముష్టి చెట్టు ఉంది, నీళ్ళు తేర్చే చిల్లగింజ చెట్టు ఉంది. మొక్క వివరం పక్కన తెలుగు పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చాడు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్లో స్కాన్లు ఫ్రీ, పైసా కట్టక్కర్లేదు. నేను మోదుగ పువ్వు పెద్దది తీయించి హాల్లో పెట్టాను, వచ్చినవాళ్ళంతా ఏ ఫారిన్ ఆర్టిస్టుది అని అడుగుతారు, సామర్లకోటది అంటే నమ్మరు. నా బాధల్లా ఒకటే, బార్కర్ తన బొమ్మల మూల సి.ఎం.బి. అని తన పేరు పొడి అక్షరాలు వేసుకుంది, మన వాళ్ళ బొమ్మల మీద వేసినవాడి పేరు లేదు. రాక్స్‌బర్గ్ మొత్తం వేయించినవి రెండున్నర వేల పైచిలుకు, పుస్తకం మీద పేరు మాత్రం ఒక్కడిదే.

ఫెయిరీలే కావాలి అంటారా, సరే కానివ్వండి, కాదనను. మీ ఇంటి గోడకే అయితే బార్కర్ పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది, కొత్తది కొనుక్కుని అందులో పేజీలు ఫ్రేమ్ చేసుకోండి. పాత పుస్తకాల్ని మాత్రం కొయ్యకండి బాబూ. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద ఒకప్పటి పిల్లల బొమ్మల పుస్తకం దొరికింది నాకు, తెరిస్తే రంగుల పేజీ ఉండాల్సిన చోటల్లా బ్లేడు గీత, ఒళ్ళు మండిపోయింది. చేసినవి అమ్ముదామనుకుంటే మాత్రం జాగ్రత్త. "వందేళ్లు దాటింది, ఫ్రీ" అని క్రాఫ్ట్ గ్రూపుల్లో అందరూ ధీమాగా చెప్తారు, అది అచ్చయిన ఏడాది నుంచి లెక్కేసే అమెరికా పద్ధతి. మన దగ్గర ఆర్టిస్టు పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు లెక్క. బార్కర్ 1973లో పోయింది, కాబట్టి ఇక్కడ 2033 చివరిదాకా కాపీరైట్ హక్కులున్నాయి, ఇంగ్లండ్‌లో డెబ్బై ఏళ్లు కాబట్టి 2043 దాకా. ఏ భయం లేకుండా కావాలంటే 1939లో పోయిన ఆర్థర్ రాకమ్, 1915లో పోయిన వాల్టర్ క్రేన్ అనే ఇంగ్లీషు చిత్రకారులు ఉన్నారు. క్రేన్ 1889లో "ఫ్లోరాస్ ఫీస్ట్" అని పువ్వులకి మనుషుల రూపం ఇచ్చి, ఆ పువ్వునే బట్టలుగా తొడిగి వేశాడు, చాలా బాగుంటాయి, పెద్దగా ఎవరూ వాడట్లేదు కూడా. ఆస్ట్రేలియా ఆవిడ ఐడా రెంటౌల్ అవుత్‌వెయిట్ 1960లో పోయింది, మన చట్టం ప్రకారం ఆవిడవి కూడా 2021 నుంచి ఫ్రీ. రాకమ్‌వి మాత్రం రెండేళ్ల పిల్ల గదిలో వద్దు, ఆ చెట్లకి మొహాలుంటాయి, వేర్లు వేళ్ళలా పాకుతుంటాయి, రాత్రి పూట మీకే భయమేస్తుంది.

డబ్బాలకి అతికించేదానికి ఇంక్‌జెట్ ప్రింట్ వాడకండి, తడి జిగురు తగలగానే రంగు కారిపోతుంది. లేజర్ ప్రింట్ తీయించండి, జిరాక్స్ షాపులో కలర్ అంటే చాలావరకు అదే ఉంటుంది, అయినా అడిగి తీయించండి. మామూలు 80 జిఎస్ఎం కాయితం చాలు, మందం కాయితం డబ్బా గుండ్రానికి వంగక అంచులు లేచిపోతాయి. స్టీలుని ఇసుక కాయితంతో కాస్త గరుకు చేసి, ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి పల్చగా రాసి, మధ్య నుంచి అంచులకి వేలితో తోసుకుంటూ పోవాలి. పూర్తిగా ఆరాక పైన వార్నిష్ రెండు మూడు కోటింగ్‌లు. యూట్యూబ్‌లో అరగంటలో అయిపోతుందని చూపిస్తారు, వాళ్ళెవరూ సముద్రం పక్కన ఉండరు. మా కాకినాడ గాలిలో వర్షాకాలం మొదలెడితే కోటింగ్‌కి కోటింగ్‌కి మధ్య ఒక రోజంతా ఆగాల్సిందే, లేదంటే బుడగలొచ్చి ఫెయిరీకి గవదబిళ్ళలు వచ్చినట్టు ఉంటుంది. అది కూడా పప్పులు పోసుకునే డబ్బాకి బయటవైపు మాత్రమే, నీళ్ళతో తోమే వాటికి వద్దు.

ఫ్రేములు ఎండ నేరుగా పడే గోడకి పెట్టకండి, ముందు గులాబీ రంగు పోతుంది, ఆ తర్వాత పాప మొహం పచ్చకామెర్లు వచ్చినట్టు అయిపోతుంది. బయటి గోడకైతే చెమ్మ ఉంటుంది, ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గాలాడి బూజు పట్టదు. ఫ్రేమ్ షాపువాడికి మాత్రం ప్రతిదీ కాయితం మీద రాసివ్వండి. నా మోదుగ బొమ్మకి కింద ఉన్న పేరు "ఏదో ఇంగ్లీషులో ఉందండి, అడ్డంగా ఉందని తీసేశాం" అని ఒకాయన కత్తిరించి పారేశాడు, మళ్ళీ ప్రింట్ తీయించాల్సొచ్చింది. పైగా అడక్కుండానే మెరిసే లామినేషన్ కొట్టేస్తారు, ట్యూబ్‌లైట్ వేస్తే బొమ్మ బదులు ట్యూబ్‌లైటే కనపడుతుంది, అందుకని లామినేషన్ వద్దు అని రసీదు మీదే రాయించుకుని రండి.