బండి దగ్గర ఏం తినాలి, ఏం వద్దనాలి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేం నలుగురం హైదరాబాద్ వెళ్లి, చార్మినార్ చుట్టూ గైడ్‌తో నడుస్తూ బండ్ల మీది తిండి రుచి చూసే టూర్‌కు పోదామనుకుంటున్నాం. సాయంత్రం మూడు గంటలు, ఎనిమిది చోట్ల ఆగుతారట. అమ్మకు షుగర్, మాంసం ముట్టదు. డబ్బు కట్టేముందు ఏం అడగాలి? (ఒక పాఠకురాలు, నల్లగొండ)

జవాబు: అమ్మ వస్తున్నారు కాబట్టి ముందు వేళ మార్చుకోండి. పాతబస్తీలో ఏ పూట పోతే ఆ పూట తిండే దొరుకుతుంది. గుల్జార్ హౌజ్ దగ్గర వెన్న దోశ, తవా ఇడ్లీ పొద్దుటి వ్యవహారం. నహారీ అనే మాంసం పులుసు కూడా పొద్దుటిదే, హలీం ముఖ్యంగా రంజాన్ నెలది. సాయంత్రం పోతే కబాబుల వాసనే ఎక్కువ, శాకాహారికి మిగిలేది తక్కువ. పొద్దుటి టూర్ ఉందా అని అడగండి. ఉంటే ఎంజీబీఎస్ బస్టాండులో దిగి అఫ్జల్‌గంజ్, నయాపూల్, మదీనా మీదుగా ఆటోలో వెళ్లండి. సుమారు రెండు కిలోమీటర్లే అయినా నడకకు కాళ్లను దాచుకోవాలి.

ఎనిమిది చోట్లలో మాంసం లేనివి ఎన్ని, వాటికి పెనం, గరిటె వేరుగా ఉంటాయా? ఇచ్చే డబ్బులోనే తిండి, నీళ్లు వస్తాయా? మధ్యలో బాత్రూమ్ ఎక్కడ? గుంపు ఎంత పెద్దది? చివరిది చాలామంది అడగరు. పన్నెండు మంది దాటితే ముందున్నవాళ్లకు వేడిది, వెనకున్నవాళ్లకు చల్లారింది అందుతుంది. ఆ హారన్ల మధ్య గైడ్ మాట కూడా వినపడదు.

ఖాళీ కడుపుతో పోవద్దు. ఆకలి మీద మొదటి రెండు బండ్ల దగ్గరే కడుపు నిండిపోయి, మిగతా ఆరూ చూడ్డానికే మిగులుతాయి. రెండు గంటల ముందు కొంచెం తినండి. నలుగురికి ఒక ప్లేటు, మనిషికి మూడు నాలుగు ముద్దలు, చాయ్ వన్ బై టూ.

ఇరానీ చాయ్‌లో చాలాచోట్ల చక్కెర ముందే కలిపేస్తారు, తగ్గించమన్నా కుదరదు. డబుల్ కా మీఠా నెయ్యిలో వేయించిన బ్రెడ్డును పాకంలో నానబెట్టింది. అమ్మకు ఈ రెంటిలో ఒక్కటే, అదీ ఒక్క చెంచా. మాత్ర మానేయడం, భోజనం మానేయడం రెండూ వద్దు.

ప్రశ్న: పోయినసారి బండి మీద తిని రెండు రోజులు మంచం పట్టాను. మంచి బండిని ఎలా గుర్తుపట్టాలి? (ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: పొయ్యి మీంచి మీ కళ్ల ముందే దిగినదానితో భయం తక్కువ. చాలాసార్లు కొంప ముంచేది పక్కనున్నవి: పొద్దున చేసిన చట్నీ, కోసిపెట్టిన ఉల్లిగడ్డ, ఐసు, ప్లేట్లు ముంచే బకెట్. నిమ్మకాయ, ఉల్లిగడ్డ అప్పుడే కోయమనండి. పానీపూరీలో చెయ్యి నీళ్లలో మునుగుతుంటే దాటిపొండి.

మిర్చి బజ్జీ బండి దగ్గర ఒక నిమిషం నిలబడి మూకుడు చూడండి. పిండి చుక్క వేస్తే అడుక్కి పోయి వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె కాగలేదు, బజ్జీ నూనె తాగుతుంది. వేసీ వేయగానే ఎర్రబడితే కాగడం ఎక్కువైంది, లోపల పిండి పచ్చిగా ఉంటుంది. బజ్జీ తీసేశాక కూడా నురుగు అణగకపోతే, నూనె నల్లగా చిక్కగా ఉంటే, అది చాలాసార్లు కాగింది. నూనె పదేపదే కాగితే అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. బండి మీద కొలిచే సాధనం ఉండదు కాబట్టి మన కన్ను, ముక్కే దిక్కు. కట్ మిర్చి (ముక్కలుగా కోసిన బజ్జీ) రెండోసారి వేయించినది కావడం తప్పు కాదు, పద్ధతే అది. మొదటిసారి ఎప్పుడు వేయించారన్నదే ప్రశ్న. గుట్టగా పోసి ఉంటే కొత్త వాయి అడగండి. న్యూస్‌పేపర్‌లో వద్దు, సిరా అంటుతుంది. స్టీలు ప్లేటు సంచిలో వేసుకుపోతే మేలు.

విరేచనాలు పట్టుకుంటే ఒక లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఆస్పత్రికే.

ప్రశ్న: బొంబాయి నుంచి బావవాళ్లు వస్తున్నారు. ఇక్కడే అలా బండ్ల దగ్గరికి తిప్పి తినిపించవచ్చా? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: ఎందుకు తిప్పకూడదు? క్లాక్ టవర్ దగ్గర మొదలుపెట్టి ఐదు చోట్లు, ఒకటిన్నర కిలోమీటర్, రెండు గంటలు చాలు. రెండు రోజుల ముందు అదే వేళకు ఒకసారి తిరిగి, ఎవరు ఎప్పుడు పొయ్యి వెలిగిస్తారో చూసుకోండి. ముందే చెప్పి చేయించిపెట్టొద్దు, చల్లారిపోతుంది.

జొన్నరొట్టె దగ్గర మాత్రం తొందరపడకండి, అక్కడే ఎక్కువసేపు నిలబడనివ్వండి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అందుకే వేడినీళ్లతో కలపాలి. ఒక్కో రొట్టెకు పిండి అప్పటికప్పుడు మర్దించాలి, లేకపోతే అంచులు పగులుతాయి. అరచేత్తో కొడుతూ పలచన చేసి పెంక మీద వేశాక, పైన తడిగుడ్డతో నీళ్లు రాస్తారు. ఆ తడి ఆరిపోతుండగా తిప్పాలి. ముందే తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగులుతుంది. బావగారికి ఇది చూపించి, ఆ రొట్టెను తెచ్చి పెట్టుకోకుండా అక్కడే ఎల్లిపాయ కారంతో తినిపించండి. బియ్యప్పిండితో గిన్నెలో కాల్చే సర్వపిండి దొరికితే గిన్నె అడుగున కరకరలాడే ముక్క ఆయనకే ఇవ్వండి. తీపి చివరికి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, ఫొటో తీసేముందు పొయ్యి దగ్గరున్న అమ్మను అడగండి.