పెరటి ప్రశ్నలు: అడవి జెరేనియం సునాబెడలో పెరుగుతుందా?

ప్రశ్న: చెల్లెమ్మా, మా అమ్మాయి అమెరికాలో, ఉత్తర కరోలినాలో ఉంటోంది. ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు వాళ్ల ఇంటి వెనక చెట్ల కింద లేత ఊదా పూలు చూశాను. అడవి జెరేనియం అన్నారు. మా ఊరి నర్సరీలో జెరేనియం పేరుతో అమ్మేది అలా లేదు. రెండూ ఒకటేనా? దసరాకి అమ్మాయి వస్తోంది, విత్తనాలు తెమ్మనమంటారా?
– రిటైరైన ఉద్యోగి, సునాబెడ, కొరాపుట్ జిల్లా

జవాబు: అన్నయ్యగారూ, రెండూ ఒకటి కావు. నర్సరీలో అమ్మేది పెలార్గోనియం. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1753లో మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ రెండింటినీ జెరేనియం కిందే చేర్చాడు. 1789లో లెరిటియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త విడదీశాడు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు మాత్రం పాత పేరు వదల్లేదు.

ఒంటిరేకల పువ్వొకటి కోసి చూడండి. అడవి జెరేనియంకి ఐదు రేకలూ ఒకే తీరుగా ఉంటాయి, మధ్యలో పది కేసరాలు. పెలార్గోనియంకి పై రెండు రేకలు ఒకలా, కింది మూడు ఇంకోలా ఉంటాయి. మీరు చూసిన మొక్క అడుగు, రెండడుగుల ఎత్తుండి, ఆకు ఐదు పాయలుగా చీలి, పువ్వు అంగుళం పైన ఉంటే అది అడవి జెరేనియమే. కాయ కొంగముక్కులా పొడుగ్గా ఉంటుంది. ఎండాక ఫట్‌మని విడిపోయి గింజల్ని దూరంగా విసురుతుంది. పువ్వు అరంగుళం కూడా లేకుండా పాలిపోయి ఉంటే అది కరోలినా జెరేనియం, ఏడాదిలో పోయే కలుపు మొక్క.

విత్తనాలు మాత్రం తెమ్మనకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా బయటి దేశపు విత్తనాలు తేకూడదు. పురుగూ తెగులూ వాటితోనే వస్తాయి కాబట్టి ఆ నియమం నాకు చాలా సబబుగా తోస్తుంది. పైగా ఆ గింజ నెలల తరబడి చలికాలపు చల్లటి, తడి నేలలో పడుంటేనే బాగా మొలుస్తుంది. పుష్యమాసంలో మనం ఎంత వణికినా కొరాపుట్ మట్టి అన్నాళ్లు అంత చల్లగా ఉండదు.

ఆ మొక్క పెంచాల్సింది మీ అమ్మాయే. ఆకులు వాడిపోయే కాలంలో నేలలోని దుంపవేరును తవ్వి, ప్రతి ముక్కకీ ఒక మొగ్గ ఉండేలా కోసి, చెట్ల నీడలో పైపైనే పాతమనండి. రాలిన ఆకులు ఊడ్చెయ్యొద్దని గట్టిగా చెప్పండి. ఆ ఆకుల ఎరువు, తేమే దానికి కావాలి. అక్కడి తేనెటీగలకి వసంతంలో అది మంచి తిండి.

మీకు మన కొండల పువ్వే ఒకటి చెబుతాను. వానాకాలంలో తూర్పు కనుమల తడి గట్ల మీద అడవి కాశీతుమ్మ పూస్తుంది. నర్సరీలో బాల్సం అంటారు, మన ఒడియా ఇరుగుపొరుగు హరగౌరా అంటారు. ముద్దపూల రకం వద్దు, ఒంటిరేకలదే వెతకండి. పువ్వు వెనక సన్నటి తోక ఉంటుంది. దీని కాయ కూడా ముట్టుకుంటే పేలి గింజలు చిమ్ముతుంది, అందుకే పండబోయే కాయకి పలచటి గుడ్డసంచి కట్టాలి. మొక్కను అడవిలోంచి పెరకొద్దు, నాలుగు కాయలు చాలు. గింజల్ని పొడిగా దాచి, తొలకరిలో పశువుల ఎరువు కలిపిన మట్టిలో చల్లి పైన పలచగా మట్టి కప్పండి. రెండు నెలల్లో పూలు చూస్తారు. మా పెరట్లో పనసచెట్టు నీడ అంచున చల్లాను, ఇప్పుడు ఏటా వాటంతటవే మొలుస్తున్నాయి.

ప్రశ్న: కుండీలోని జెరేనియం వానలకి కాండం నల్లబడి కుళ్లిపోతోంది. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఇది పెలార్గోనియమే. వాన తగలని చూరు కిందకి జరపండి. నల్లబడని కొమ్మ ఒకటి కోసి, కోసిన చోట ఒకరోజు ఆరనిచ్చి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. పైమట్టి ఎండాకే నీళ్లు పొయ్యండి. పాత మొక్క మీద ఆశ పెట్టుకోకండి.